అర్జెంటీనా బొనార్డా రెడ్ వైన్ రుచి చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాల్బెక్ పేరు విన్నాం. ఈ బొనార్డా ఎక్కడిది?

అర్జెంటీనాలో రెడ్ వైన్ ద్రాక్షల సాగులో మాల్బెక్‌ది మొదటి స్థానం, బొనార్డాది రెండోది. సుమారు 18 వేల హెక్టార్లలో పండిస్తున్నారు. అందులో ఎక్కువ భాగం మెండోసా రాష్ట్రంలోనే తూర్పు వైపున్న శాన్ మార్టిన్, రివదావియా, హునిన్, సాంతా రోసా ప్రాంతాల్లోనే ఉంది. ఆండీస్ కొండల మంచు కరిగి వచ్చే నీళ్లే ఆ నేలకు ఆధారం. వాన ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే పడుతుంది.

ఇంత పంట ఉండీ పేరెందుకు రాలేదంటే, దాన్ని దశాబ్దాలపాటు కలగలుపు వైన్లలోకే పంపారు. రంగు చిక్కగా వస్తుంది, కాపు ఎక్కువ, వగరు తక్కువ. పెద్ద గాజు బుడ్లలో అమ్మే చవక వైన్‌కు ఇంతకన్నా ఏం కావాలి? సీసా మీద ‘బొనార్డా’ అని పేరు వేసి గర్వంగా అమ్మడం పెరిగింది గత పాతిక ముప్ఫై ఏళ్లలోనే. ధర ఇంకా నేల మీదే ఉండటానికి కారణం కూడా ఈ చరిత్రే. కొనేవాళ్లకు అది లాభం.

ఇటలీలో కూడా బొనార్డా ఉంది కదా, రెండూ ఒకటేనా?

కాదు. ఇటలీ లొంబార్దీలో బొనార్డా పేరుతో అమ్మేది ఎక్కువగా క్రొయతీనా అనే ద్రాక్ష. పీడ్మాంట్‌లో బొనార్డా పియెమొంతేసె అని మరొకటి ఉంది. అర్జెంటీనా బొనార్డాకు ఈ రెండింటితోనూ చుట్టరికం లేదు. డీఎన్‌ఏ పరీక్షల్లో తేలిందేమంటే, ఇది ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండల నుంచి వచ్చిన దూస్ న్వార్. అదే ద్రాక్షకు అక్కడ కోర్బో అనే పేరూ ఉంది. ఫ్రెంచి భాషలో కోర్బో అంటే కాకి జాతి పక్షి. గుత్తి నలుపు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అడగక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఇదే ద్రాక్షను షార్బోనో అంటారు.

షాపులో దీనివల్ల వచ్చే చిక్కు ఒకటుంది. ‘బొనార్డా’ అని చూసి ఇటలీ సీసా తీసుకుంటే, మూత తీయగానే సన్నటి బుడగలు రావచ్చు. లొంబార్దీలోని ఒల్త్రెపో పవేసె ప్రాంతంలో ఆ వైన్‌ను తరచూ కాస్త నురగతోనే తయారుచేస్తారు. అది పాడైన సీసా కాదు, వేరే వైన్.

లేబుల్ మీద ఏం చూసి కొనాలి?

ముందు ఏడాది చూడండి. లేబుల్ మీద ‘కొసేచా’ పక్కన ఉండేది ద్రాక్ష కోసిన సంవత్సరం. అర్జెంటీనా భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ కోత ఫిబ్రవరిలో మొదలవుతుంది. బొనార్డా ఆలస్యంగా పండే రకం, మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో కోతకొస్తుంది. చవక బొనార్డాకు కోత ఏడాది నుంచి రెండు మూడేళ్ల లోపు సీసా మంచిది. పాతదైతే గొప్పదనే లెక్క దీనికి వర్తించదు.

తర్వాత ‘రోబ్లె’ అన్న మాట ఉందేమో చూడండి. దానర్థం ఓక్ చెక్క. వైన్ ఓక్ పీపాలోనో, చవక రకాల్లో అయితే ఓక్ ముక్కలతోనో కొంతకాలం ఉందన్నమాట. ‘రెసెర్వా’ అంటే అక్కడి నిబంధన ప్రకారం రెడ్ వైన్‌ను కనీసం 12 నెలలు నిల్వ ఉంచాలి. మొదటిసారి కొనేవాళ్లకు మా సలహా ఏమంటే, ఈ రెండు మాటలూ లేని సీసా తీసుకోండి. ఓక్ వాసన మీద పడని బొనార్డాలోనే ద్రాక్ష రుచి తెలుస్తుంది. చవక సీసాలో ఓక్ బలంగా ఉంటే తేలేది వనీలా, కాల్చిన కొబ్బరి వాసనే. అప్పుడది మాల్బెకో బొనార్డానో చెప్పడం ఎవరి తరమూ కాదు.

కొలోనియా లాస్ లియెబ్రెస్, నియెటో సెనెటినెర్, జుకార్డి కుటుంబపు సాంతా హులియా వంటి పేర్లు బయటి దేశాల్లో తరచూ కనిపిస్తాయి. మాల్బెక్‌తోనో, సిరా అనే మరో ద్రాక్షతోనో కలిపినవీ ఉంటాయి. అవి తాగడానికి బాగానే ఉంటాయి, ద్రాక్షను పరిచయం చేసుకోవడానికి మాత్రం పనికిరావు.

చవక అంటే ఎంత?

అమెరికాలో సాధారణంగా 10 నుంచి 15 డాలర్ల మధ్య దొరుకుతుంది. అక్కడున్న తెలుగువాళ్లకు ఇది వారాంతపు సీసా. ఇండియాలో లెక్క మారిపోతుంది. దిగుమతి సుంకమే 150 శాతం, దాని మీద రాష్ట్రాల పన్నులు. కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో అర్జెంటీనా వైన్ దొరికినా అది చవక కాదు, దొరికేది కూడా చాలావరకు మాల్బెకే. విదేశం నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటే ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకే సుంకం లేకుండా అనుమతి ఉంటుంది, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ తాగే వయసు 21 నిండాలి.

‘రూమ్ టెంపరేచర్’లో తాగమంటారు కదా, మరి బొనార్డాను ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచమంటారెందుకు?

ఆ మాట యూరప్‌లో చలికాలపు రాతి ఇళ్లను చూసి పుట్టింది. మన గదిలో ఏప్రిల్ నెలలో 34 డిగ్రీలుంటాయి. ఆ వేడిలో బొనార్డా తాగితే ముందు ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొడుతుంది, పండు వాసన ఉడికిన జామ్‌లా మారుతుంది, పులుపు ఉండీ లేనట్టే ఉంటుంది. “చప్పగా, మత్తుగా ఉంది” అని సీసా పక్కన పెట్టేసేవాళ్లలో చాలామంది చేసిన తప్పు ఇదే.

బొనార్డాకు 14 నుంచి 16 డిగ్రీలు సరైన చల్లదనం. సీసా పట్టుకుంటే చేతికి స్పష్టంగా చల్లగా తగలాలి, కానీ కూల్‌డ్రింక్ అంత కాదు. అక్కడికి తేవడానికి రెండు దారులున్నాయి.

తీరిక ఉంటే ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. తాగే ముందు బయట పెట్టి అరగంట ఆగండి. గది బాగా వేడిగా ఉంటే 20 నిమిషాలు చాలు, మిగతాది గ్లాసులో పోశాక అదే ఎక్కుతుంది.

తొందరగా కావాలంటే లోతైన గిన్నెలోనో చిన్న బకెట్‌లోనో సగం ఐసు, సగం నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు కలిపి, సీసాను మెడదాకా ముంచండి. 10 నుంచి 12 నిమిషాల్లో పని అయిపోతుంది. మధ్యలో సీసాను రెండుసార్లు తిప్పండి. ఉత్త ఐసు ముక్కల్లో పెడితే ఇంత త్వరగా చల్లబడదు, ముక్కల మధ్య గాలి ఉంటుంది. నీళ్లు గాజును అన్ని వైపులా అంటుకుని వేడిని లాగేస్తాయి.

డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోవద్దు. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ సున్నాకు అయిదారు డిగ్రీలు కిందకు వెళ్తే గడ్డకట్టడం మొదలవుతుంది. అప్పుడు ఉబ్బి కార్క్‌ను తోసేస్తుంది, ఒక్కోసారి సీసా పగులుతుంది.

మరీ చల్లగా తాగినా ఇబ్బందే. 8 డిగ్రీల దగ్గర వాసన ముడుచుకుపోతుంది, వగరు, చేదు ముందుకొస్తాయి. అలా అనిపిస్తే గ్లాసును రెండు చేతుల మధ్య అయిదు నిమిషాలు పట్టుకోండి, సరిపోతుంది. వేడెక్కిన వైన్‌ను మళ్లీ చల్లబరచడం కన్నా ఇది తేలిక. అందుకే గురి తప్పినా చల్లని వైపే తప్పనివ్వండి.

ఎలాంటి గ్లాసు, ఎంత పోయాలి?

కాడ ఉన్న, పొట్ట వెడల్పుగా ఉండి మూతి దగ్గర కాస్త ముడుచుకున్న గాజు గ్లాసు చాలు. 350 నుంచి 400 మి.లీ. పట్టేది తీసుకోండి. రుచి చూడటానికి 50 నుంచి 60 మి.లీ. పోస్తే ఒక సీసా 12 మందికి వస్తుంది. స్టీలు గ్లాసులో రంగు కనిపించదు, వాసన నిలవదు.

గ్లాసును ఎంత కడిగినా గిన్నెల సబ్బు వాసన మిగులుతుంది. వేడినీళ్లతో రెండుసార్లు తొలిపి, ఆరాక ఖాళీ గ్లాసునే ఒకసారి వాసన చూడండి. అలమరలో బోర్లించి పెట్టిన గ్లాసుకు చెక్క వాసన, కొత్త అట్టపెట్టెలోంచి తీసినదానికి అట్ట వాసన పడతాయి. ఆ తప్పును వైన్ మీదకు తోసేయడం మామూలే.

రుచి చూసే క్రమం చెప్పండి.

ముందు గది సంగతి. అగరొత్తులు, సెంటు, పక్కన వంటింట్లో ఇంగువ పోపు ఉంటే ఆ రోజుకు ఆపేయండి. పళ్లు తోముకున్నాక, కాఫీ తాగాక, వక్కపొడి నమిలాక కనీసం గంట ఆగాలి.

గ్లాసును తెల్ల కాగితం మీద వాల్చి అంచు చూడండి. కుర్ర బొనార్డా మధ్యలో దాదాపు నల్లగా, అంచున ఊదాగా ఉంటుంది. నేరేడు పళ్లు తిన్న నాలుక ఎలా ఉంటుందో అచ్చం ఆ రంగు. అంచు ఇటుక రంగులోకి మారితే వయసైనా పైబడింది, ఎండైనా తగిలింది.

గ్లాసును కదపకుండా ఒకసారి వాసన చూడండి. లోపాలుంటే ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి. తర్వాత గ్లాసు అడుగు బల్ల మీదే ఉంచి నాలుగైదు సార్లు తిప్పి మళ్లీ చూడండి. చెర్రీ, ఆల్‌బుఖారా, నల్ల బెర్రీలు మొదట వస్తాయి. వాటి వెనక కొద్దిగా సోంపు, ఎండు అంజీరం. ఈ సోంపు ఛాయ బొనార్డాలో తరచూ కనిపిస్తుంది, ఒకసారి పట్టుకున్నారంటే మర్చిపోరు. దొరక్కపోతే చెంచాడు సోంపు పక్కన పెట్టుకుని, ముందు అది, తర్వాత గ్లాసు వాసన చూడండి. చాలామందికి అలాగే తెలుస్తుంది.

ఇప్పుడు 10 నుంచి 15 మి.లీ., అంటే రెండు మూడు టీస్పూన్లు నోట్లోకి తీసుకోండి. అయిదారు సెకన్లు నోరంతా తిప్పి, పెదాలు కొద్దిగా తెరిచి గాలి లోపలికి పీల్చండి. మొదట చొక్కా జాగ్రత్త. గమనించాల్సినవి మూడు.

పులుపు: మింగిన తర్వాత దవడల పక్కన ఎంత నీరూరుతోందో చూడండి. బొనార్డాలో ఓ మోస్తరు నుంచి బాగానే ఊరాలి.

వగరు: నాలుకను పై చిగుళ్ల మీద జార్చండి. పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టేస్తే టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువని అర్థం. బొనార్డాలో అలా ఉండకూడదు. బాగా పండిన నేరేడు పండులో ఉండేంత మెత్తటి వగరు ఉంటుంది.

ఆల్కహాల్: మింగాక గొంతులో వెచ్చదనం. 13 నుంచి 13.5 శాతం ఉన్న సీసా మంటెక్కిస్తే దాదాపు ఎప్పుడూ అది వేడిగా ఉండటం వల్లే.

రుచి నోట్లో ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టండి. ఈ ధరలో అయిదు నుంచి ఎనిమిది సెకన్లు వస్తే డబ్బులు గిట్టుబాటైనట్టే. నాలుగైదు సీసాలు ఒకే పూట చూసేటట్టయితే ఉమ్మేయడానికి పక్కన ఒక లోటా పెట్టుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదు, ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరూ చేసేదే.

నాకు తీపిగా అనిపించింది. చక్కెర కలుపుతారా?

చాలాసార్లు అది పండు వాసన చేసే మాయ. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగండి. తీపి మాయమైతే అది వాసనే, వైన్‌లో చక్కెర లేదు. ముక్కు మూసినా తియ్యగానే ఉంటే ద్రాక్ష చక్కెర కొంత మిగిలి ఉంది. చవక రకాల్లో జనం ఇష్టపడతారని లీటరుకు కొన్ని గ్రాములు మిగల్చడం ఉంది.

మాల్బెక్‌కూ దీనికీ తేడా పట్టుకోవడం ఎలా?

ఒకే ఏడాదివి, దగ్గర ధరలో ఉన్నవి, ఓక్ తగలనివి ఒక్కో సీసా తెచ్చి, కాగితం సంచుల్లో పెట్టి, ఎవరితోనైనా 1, 2 అని రాయించండి. రెండూ ఒకే చల్లదనంలో ఉండాలి, లేకపోతే పరీక్ష చెడిపోతుంది. రంగు చూసి చెప్పాలని చూడకండి, రెండూ చిక్కగానే ఉంటాయి. వగరు చూడండి. మాల్బెక్ నాలుక మధ్యలో బరువుగా, వెడల్పుగా పరుచుకుంటుంది. వాసనలో ఆల్‌బుఖారాతో పాటు కొన్నిసార్లు వయొలెట్ పూలు. బొనార్డా తేలిగ్గా జారుతుంది, రసం ఊరుతుంది, చివర్లో సోంపు. మొదటిసారి తప్పు చెప్పినా పట్టించుకోకండి. గ్లాసులను మార్చి రెండోసారి చేస్తే వచ్చే జవాబే మీ అసలు జవాబు.

సన్నగా, పచ్చి ఆకు వాసనతో ఉంది. ఇదేం బొనార్డా?

పండక ముందే కోసినది. ఈ తీగ పందిరి మీద విపరీతంగా కాస్తుంది, హెక్టారుకు 20 టన్నులు దాటడం దీనికి పెద్ద పని కాదు. మెండోసాలో ఈ పందిరిని పర్రాల్ అంటారు. మన కాకర పందిళ్లు గుర్తుకొస్తాయి. కాయ ఎక్కువై, ఆకు నీడ ముదిరితే గుత్తి సరిగ్గా పండదు. పైగా ఇది కాబర్నే సావిన్యోన్ అనే మరో ద్రాక్ష కోత అయ్యాక కూడా తీగ మీద ఉండాల్సిన రకం. చలి ముందుగా దిగే ఎత్తైన ప్రాంతాల్లో పండటానికే తంటాలు పడుతుంది, తూర్పు మెండోసా వేడి దీనికి నప్పింది అందుకే. కాపు తగ్గించి, ఆగి కోసిన రైతు వైన్‌లో ఆ పచ్చి వాసన ఉండదు. ఇది సీసా లోపం కాదు, కాబట్టి షాపువాళ్లు తిరిగి తీసుకోరు. వేరే పేరు చూడండి.

నిజంగా పాడైన సీసాను ఎలా గుర్తుపట్టాలి?

తడిసి ముక్కిన అట్టపెట్టె, పాత గోనెసంచి వాసన వచ్చి, పండు వాసన అసలు లేకపోతే కార్క్ తెగులు. టీసీఏ అనే పదార్థం కారణం. గాలి తగిలినా పోదు, ఇంకా పెరుగుతుంది. తాగితే హాని లేదు, ఆనందమూ లేదు. తిరిగి ఇచ్చేయండి. మర మూత సీసాల్లో ఇది చాలా అరుదు.

కుళ్లిన గుడ్డు, గీసిన అగ్గిపుల్ల వాసన వస్తే గంధక పదార్థాలు మూతపడిన సీసాలో చిక్కుకున్నాయి. మర మూత సీసాల్లో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. జగ్గులోకి ఎత్తి పోసి 20 నిమిషాలు ఆగితే చాలావరకు పోతుంది. శుభ్రంగా తోమిన రాగి ముక్కతో ఒక నిమిషం కలిపినా పని చేస్తుంది. అలాగని ఇంట్లో రాగి చెంబు ఉంది కదా అని వైన్ అందులో పోయకండి. పులుపు రాగిని కరిగిస్తుంది, మజ్జిగ పోయనిది కూడా ఇందుకే కదా.

నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన, వెనిగర్ ఘాటు వస్తే బ్యాక్టీరియా పని. బాగుపడదు. పశువుల కొట్టం వాసన బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ వల్ల వస్తుంది. లేశమాత్రం ఉంటే కొందరికి ఇష్టమే.

ఉడికిన పండ్లు, ఎండు ద్రాక్ష వాసనతో రంగు గోధుమలోకి తిరిగితే వేడి దెబ్బ. వేడి దేశాల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. కొనేటప్పుడే చూడండి: కార్క్ మూతి కన్నా పైకి లేచి ఉన్నా, మెడ మీద జిగట చారలున్నా తీసుకోవద్దు. కిటికీ పక్కన, దీపాల కింద నిలబెట్టిన సీసాల జోలికి పోవద్దు. కొన్నాక ఎండలో కారులో వదిలేసినా అంతే సంగతి.

అడుగున గాజు పెంకుల్లాంటివి మెరుస్తున్నాయి. భయపడాలా?

అక్కర్లేదు. చింతపండులో పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ఉంటుంది. వైన్ చల్లబడినప్పుడు అది పొటాషియంతో కలిసి పలుకుల్లా పేరుకుంటుంది. సీసాను కాసేపు నిలబెట్టి, చివరి రెండు గుక్కలు వదిలేయండి.

గంటల తరబడి గాలికి పెట్టాలా?

వద్దు. వాసన ముడుచుకుని ఉంటే పావుగంట, అంతే. ఓక్‌లో నిల్వ ఉంచిన రకమైతే అరగంట.

ఏం తింటూ తాగితే బాగుంటుంది?

అర్జెంటీనాలో నిప్పుల మీద కాల్చిన మాంసం, చొరీసో సాసేజ్‌లు, కజ్జికాయల్లా లోపల కూర నింపి చేసే ఎంపనాదాలు, ఇటలీ వలసల వల్ల పిజ్జా, పాస్తా. టమాటా పులుపును ఇది బాగా తట్టుకుంటుంది.

మన కారానికి కూడా వగరు ఎక్కువ ఉన్న రెడ్ వైన్ల కన్నా ఇదే నయం. వగరు, ఆల్కహాల్ రెండూ మిరప మంటను పెంచుతాయి, ఇందులో మొదటిది తక్కువ. వేపుడు మాంసం, కోడి వేపుడు, కాల్చిన కబాబులు, మిరియాల ఘాటు ఉన్న కూరలు కలుస్తాయి. పులుసులతో జాగ్రత్త. చింతపండు, గోంగూర పులుపు నోట్లో ఉండగా వైన్ తాగితే దాని పులుపు వెలవెలబోయి నీళ్లలా అనిపిస్తుంది. గోంగూర మాంసం తప్పదనుకుంటే వైన్‌ను ఇంకో రెండు డిగ్రీలు చల్లగా పెట్టండి, కొంత మేలు. ఆవకాయతో మాత్రం ఏ వైన్ అయినా ఓడిపోతుంది, వృథా చేయకండి.

సోడా కలపడం తప్పా?

అర్జెంటీనా ఇళ్లలో రోజువారీ రెడ్ వైన్‌లో సైఫన్ సోడా కొట్టుకోవడం తరాల నుంచి ఉంది. ఎండలో మధ్యాహ్న భోజనానికి రెండు వంతుల బొనార్డాకు ఒక వంతు సోడా బాగుంటుంది. ముందు 50 మి.లీ. ఉత్తదే రుచి చూడండి, తర్వాత మీ ఇష్టం.

సగం సీసా మిగిలింది.

మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు పండు వాసన తగ్గుతుంది. 375 మి.లీ. చిన్న సీసాలోకి అంచుదాకా పోసి మూత పెడితే లోపల గాలి ఉండదు కాబట్టి వారం వరకు నిలుస్తుంది. ఇలా చేయాలనుకుంటే మూత తీసిన వెంటనే ముందుగా సగం చిన్న సీసాలోకి పోసుకుని, మిగతాది బల్ల మీద పెట్టుకోండి.